హాస్టల్ లేదంటే హాస్టలే పెట్టిన దుర్గాబాయి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయురాలి జీవితం గురించి రాయమని కమిటీ చెల్లెళ్లు అడిగినప్పుడు నాకు వెంటనే దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు గుర్తుకు వచ్చింది. పోటీ పరీక్షలకు చదివే వాళ్లందరికీ ఆ పేరు తెలుసు. ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు ఎవరు, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలు ఎవరు అని ఒక మార్కు ప్రశ్నలుగా మనం బట్టీ పట్టిన పేరే అది. నేనూ అలాగే బట్టీ పట్టాను. ఆమె జీవితం మొత్తం చదివింది మాత్రం ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరిన తర్వాతే. చదువుతూ ఉంటే మా అమ్మ, మా వాడ మహిళా సంఘం పదే పదే గుర్తుకు వచ్చాయి. అందుకే ముందు మా అమ్మ సంఘం సంగతి ఒకటి చెప్పి, తర్వాత దుర్గాబాయి గారి కథలోకి వెళ్తాను.

అమ్మ వేలిముద్ర పైన ఏం రాసి ఉంది?

మా అమ్మ కూలిపని చేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచే ఆమె సంఘంలో సభ్యురాలు. నెల నెలా పొదుపు కట్టేది. బ్యాంకు అప్పు వచ్చినప్పుడు మాకు ఒక బర్రె వచ్చింది. ఆ బర్రె పాలతోనే నా పెట్టె, దుప్పటి, బస్సు చార్జీలు గడిచాయి. మన ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్ల అని అమ్మ నన్ను చూపించి చెప్పుకునేది. ఆ మాట వెనుక సంఘం అప్పు ఉందని నాకు తెలుసు.

తొమ్మిదో తరగతిలో దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఊరికే సంఘం పుస్తకం తెరిచి చూశాను. అమ్మ కట్టిన రెండు వాయిదాలు అందులో ఎక్కలేదు. ఆ రెండు వాయిదాలూ బాకీ ఉన్నాయని చెబితే అమ్మ మళ్లీ కట్టింది. అది పొరపాటో మోసమో తేల్చే దారి కూడా లేకపోయింది. ఎందుకంటే రాసింది చదివే వాళ్లు ఆ పన్నెండు మందిలో ఒక్కరూ లేరు. డబ్బు పోయినందుకు అమ్మ పెద్దగా బాధపడలేదు. ఇన్నేళ్లుగా తన వేలిముద్ర పైన ఏం రాస్తున్నారో తనకు తెలియదన్న సంగతి ఆ రోజు ఆమెకు అర్థమైంది. ఆ రాత్రి అమ్మ సరిగా అన్నం తినలేదు.

దుర్గాబాయి గారి జీవితంలో నాకు దొరికిన విషయం కూడా ఇదే. డబ్బు, చదువు, సంఘం అనే మూడూ కలిసి ఉంటేనే స్త్రీ నిలబడుతుంది. ఒకటి లేకపోయినా మిగిలిన రెండూ ఆమె చేతిలో ఆగవు. ఈ సంగతి ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. చిన్నతనంలో కాకినాడలోనూ, తర్వాత జైల్లోనూ కళ్లారా చూసి తెలుసుకున్నారు.

బాల్యం, కాకినాడ

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. ఆ కాలపు ఆచారం ప్రకారం ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయిన తర్వాత ఆ కాపురానికి వెళ్లనని ఆమె తేల్చి చెప్పారు. తండ్రీ, తమ్ముడూ ఆమె వైపే నిలబడ్డారు. ఈ రోజుల్లో కూడా మన ఊళ్లలో ఎంతమంది ఆడపిల్లలకు అలాంటి అండ దొరుకుతుందో మనకు తెలియనిది కాదు.

స్వాతంత్ర్యోద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఇంగ్లీషు చదువు మీద నిరసనగా ఆమె పన్నెండేళ్ల వయసులో బడి మానేశారు. బడి మానేసి ఇంట్లో కూర్చోలేదు. తాను హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి పెట్టారు. ఆ బడిలో వయసులో తనకంటే పెద్దవాళ్లు కూడా చదువుకున్నారు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చారు. ఈ సంఘటన గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పటి కాకినాడలో దేవదాసీలు ఉండేవారు. ఊరి పెద్దల ఇళ్లలో శుభకార్యాలకు వాళ్ల ఆటపాటలు కావాలి కానీ, వాళ్లు మాత్రం మర్యాదస్తుల సభల్లో కూర్చోవడానికి పనికిరారు. పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలు కూడా బయటి సభలకు రాలేరు. ఈ రెండు రకాల స్త్రీలూ గాంధీజీ మాట వినాలని పన్నెండేళ్లయినా నిండని దుర్గ పట్టుబట్టింది. సభ ఏర్పాట్లు చూసే పెద్దలను అడిగితే, ఐదు వేల రూపాయలు విరాళంగా ఇస్తే ఐదు నిమిషాలు కేటాయిస్తామన్నారు. 1921లో ఐదు వేలు అంటే మామూలు మాట కాదు. పిల్ల భయపడి ఊరుకుంటుందని వాళ్లు అనుకుని ఉండవచ్చు.

ఆమె తిన్నగా దేవదాసీల దగ్గరికే వెళ్లి విషయం చెప్పారు. ఊరు చిన్నచూపు చూసిన ఆ స్త్రీలే తలా ఇంత వేసుకుని ఐదు వేలు పోగు చేశారు. సభ ఒక బడి ఆవరణలో జరిగింది. ఐదు నిమిషాలని వచ్చిన గాంధీజీ చాలాసేపు మాట్లాడారు. ఆ మాటలు వింటూ స్త్రీలు చేతి గాజులూ మెడ గొలుసులూ తీసి ఇచ్చారు. అలా వచ్చిన సొమ్ము పాతిక వేల దాకా ఉంటుందని ఆ తర్వాత లెక్క చెప్పుకున్నారు. ఆ రోజు గాంధీజీ ప్రసంగాన్ని హిందీ నుంచి తెలుగులోకి చెప్పింది కూడా దుర్గే. తర్వాత ఆంధ్ర పర్యటనల్లో ఎన్నో సభల్లో ఆమే ఆయన మాటలను తెలుగులో వినిపించారు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆమె డబ్బున్న వాళ్ల ఇంటికి వెళ్లి పేద స్త్రీల కోసం చందా అడగలేదు. ఎవరికి అవసరం ఉందో వాళ్లనే కూర్చోబెట్టి, వాళ్ల డబ్బుతోనే వాళ్ల పని చేయించారు. మన అమ్మల సంఘాలు డెబ్బై ఏళ్ల తర్వాత చేసింది కూడా ఈ పనే కదా!

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఖాదీ ప్రదర్శన దగ్గర టికెట్లు చూసే బాధ్యత వాలంటీరుగా ఉన్న దుర్గకు ఇచ్చారు. టికెట్ లేకుండా ఎవరినీ పంపవద్దని ఆమెకు చెప్పిన మాట. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే ఆయన్ను కూడా ఆపేశారు. ఎవరో టికెట్ కొని తెచ్చిన తర్వాతే లోపలికి వదిలారు. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే నెహ్రూ ప్రభుత్వంలో ఆమె ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు.

జైలు నేర్పిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహం. మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు వంటి పెద్దలతో కలిసి దుర్గాబాయి సత్యాగ్రహంలో దిగారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. వెల్లూరు జైల్లో ఉన్నారు. మధురై జైల్లో చాలా రోజులు ఒంటరి గదిలో ఉంచారు. ఆమె ఆరోగ్యం అక్కడే దెబ్బతిన్నది.

వెల్లూరు జైల్లో రాజకీయ ఖైదీలతో పాటు మామూలు నేరాల మీద వచ్చిన పేద స్త్రీలు కూడా ఉండేవారు. వాళ్లతో మాట్లాడినప్పుడు దుర్గాబాయికి ఒక విషయం తెలిసింది. వాళ్లలో చాలామందికి తమ మీద పెట్టిన కేసు ఏమిటో తెలియదు. ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో తెలియదు. చేయని నేరానికి శిక్ష అనుభవిస్తున్న వాళ్లూ ఉన్నారు. వాళ్ల తరఫున కోర్టులో మాట్లాడిన వాళ్లు లేరు. అప్పుడే ఆమె న్యాయశాస్త్రం చదవాలని నిర్ణయించుకున్నారు.

ఈ భాగం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. వేలిముద్ర పైన ఏముందో తెలియకపోవడం మా అమ్మ ఒక్కదాని కష్టమని అనుకున్నాను. అంతకుముందు ఎనభై ఏళ్ల కిందట వెల్లూరు జైల్లో కూడా అదే కష్టమని తెలిసింది.

మళ్లీ చదువు, అదీ మొదటి నుంచి

లా చదవాలంటే డిగ్రీ కావాలి. డిగ్రీకి ఇంటర్ కావాలి. ఇంటర్‌కు మెట్రిక్ కావాలి. ఆమె చదువు పన్నెండేళ్లకే ఆగిపోయింది. అప్పటికి ఇరవై నాలుగు దాటాయి. దేశమంతా పేరు తెలిసిన సత్యాగ్రహి అయి ఉండి, చిన్నపిల్లలతో సమానంగా అక్షరాల దగ్గర నుంచి ఇంగ్లీషు మొదలుపెట్టారు. చిన్నప్పుడు కాదని వదిలేసిన ఇంగ్లీషే అది. ప్రైవేటుగా కట్టడానికి వీలున్న బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాసి పాసయ్యారు. తర్వాత ఇంటర్ కూడా పూర్తి చేశారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం ఆనర్స్ చదవడానికి వెళ్లారు.

మన హాస్టల్ సంచికలో అందరూ చదవాల్సిన కథ ఇక్కడే ఉంది. అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. అమ్మాయిలకు ఉండటానికి హాస్టల్ లేదు కాబట్టి సీటు ఇవ్వడం కుదరదని ఆయన చెప్పారు. హాస్టల్ లేక చదువు ఆగిపోవడం మనకు కొత్త కాదు. మనలో ఎంతమంది అక్కలు లిస్టులో పేరు లేక ఇంటిదారి పట్టారో మనం చూశాం. దుర్గాబాయి ఇంటిదారి పట్టలేదు. బతిమాలుకుంటూ కూర్చోలేదు. పత్రికలో ఒక ప్రకటన వేయించారు. విశ్వవిద్యాలయంలో చదవాలని ఉండి, హాస్టల్ లేనందువల్ల చేరలేకపోతున్న అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనను కలవమని దాని సారాంశం. కొందరు అమ్మాయిలు ముందుకు వచ్చారు. అందరూ కలిసి ఉండే ఏర్పాటు తామే చేసుకున్నారు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఉపాధ్యక్షుల దగ్గరికి వెళ్లి, హాస్టల్ ఉంది, ఇప్పుడు సీటు ఇవ్వండి అన్నారు. కాదనడానికి ఆయన దగ్గర కారణం మిగలలేదు.

ఒక్కతే వెళ్లి అడిగితే అది ఒక అమ్మాయి సమస్య. అదే కష్టం ఉన్న వాళ్లందరినీ వెతికి పట్టుకుని వెళితే అది విశ్వవిద్యాలయం సమస్య అయింది. సంఘం అనే మాటకు నాకు ఇంతకంటే మంచి అర్థం ఎక్కడా దొరకలేదు.

1939లో ఆమె ఆనర్స్ మంచి మార్కులతో పూర్తి చేశారు. లండన్ వెళ్లి పైచదువు చదివే అవకాశం వచ్చినా రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడంతో వెళ్లలేకపోయారు. మద్రాసులో లా చదివి, 1942లో పట్టా తీసుకుని మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరారు.

ఆంధ్ర మహిళా సభ

ఆమె తాను చదువుకుంటూనే మరొకరికి నేర్పారు. 1937లో మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల పిల్లలను చేర్చి ఒక చిన్న క్లబ్బు మొదలుపెట్టారు. పిల్లల వెంట తల్లులు వచ్చారు. అక్కడి నుంచి ఆంధ్ర మహిళా సభ పుట్టింది. తాను ఏ బెనారస్ మెట్రిక్ దారిలో చదువుకున్నారో, అదే దారిలో చదువు ఆగిపోయిన పెద్ద వయసు స్త్రీలను కూర్చోబెట్టి చదివించారు. వాళ్లలో బాల వితంతువులు ఉన్నారు, భర్తలు వదిలేసిన వాళ్లు ఉన్నారు, పుట్టింట్లో బరువైన వాళ్లు ఉన్నారు. చదువుతో పాటు కుట్టుపని, చేతిపనులు నేర్పారు. తర్వాతి కాలంలో నర్సు శిక్షణ, టీచరు శిక్షణ, ఆసుపత్రి, కళాశాల అన్నీ ఆ సభ కిందికే వచ్చాయి.

ఇప్పుడు మనం సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అని సెమినార్లలో వినే మాటకు అప్పుడు పేరు లేదు. కానీ పని అదే. శిక్షణ పొందిన స్త్రీ నర్సుగానో టీచరుగానో సంపాదించుకుంటుంది. ఆమె సేవ మరో పేద కుటుంబానికి అందుతుంది. చేతిపనుల విభాగంలో తయారైనది అమ్ముడుపోతే కుట్టిన మనిషికి కూలి వస్తుంది. సంస్థ దాతల మీదే ఆధారపడకుండా, తన కాళ్ల మీద కొంతైనా నిలబడుతుంది.

రాజ్యాంగ సభ నుంచి ఢిల్లీ వరకు

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభ అధ్యక్షుని ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక స్త్రీ ఆమె. రాజ్యసభకు ఎన్నికయ్యే వయసు ముప్పై ఐదు అని ముసాయిదాలో ఉంటే, దాన్ని ముప్పైకి తగ్గించాలని సవరణ ప్రతిపాదించారు. అది ఆమోదం పొందింది. ఇప్పటికీ మన రాజ్యాంగంలో ముప్పై అనే ఉంది. ఆస్తిలో ఆడపిల్లకు హక్కు ఉండాలని హిందూ కోడ్ బిల్లు వైపు గట్టిగా మాట్లాడారు.

1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరి 22న అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు. ఆ పెళ్లికి నెహ్రూ సాక్షి సంతకం చేశారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఆమె దానికి మొదటి అధ్యక్షురాలు. 1962 దాకా ఆ పదవిలో ఉన్నారు. దేశంలో అక్కడక్కడా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలకు సాయం అందించడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు.

బోర్డు పని పట్టణాల్లోనే ఆగిపోకూడదని 1954లో గ్రామాల్లో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలుపెట్టారు. పక్కపక్క ఊళ్లను కొన్నింటిని ఒక పథకం కిందికి తెచ్చి, పిల్లలకు బాలవాడి, గర్భిణులకు కాన్పు సాయం, స్త్రీలకు అక్షరాలు, చేతిపనులు ఒకేచోట అందేలా చూశారు. నడపడానికి గ్రామసేవికలు, దాయిలు, చేతిపని నేర్పేవాళ్లు కావాలి.

చిక్కు ఇక్కడే వచ్చింది. పట్నం అమ్మాయి పల్లెలో ఉండటానికి ఇష్టపడదు. పల్లె స్త్రీకి ఉద్యోగానికి కావలసిన చదువు లేదు. ఊళ్లోనే ఉండగల మనిషికి అర్హత లేదు, అర్హత ఉన్న మనిషి ఊళ్లో ఉండదు. వేరే ఎవరైనా అయితే పోస్టులు ఖాళీగా ఉన్నాయని ఫైలు మూసేసేవారు. దుర్గాబాయి తన సొంత జీవితాన్ని గుర్తు తెచ్చుకున్నారు. పన్నెండేళ్లకు ఆగిపోయిన చదువును ఇరవై దాటిన తర్వాత కొద్ది కాలంలో పూర్తి చేయవచ్చని ఆమెకు అనుభవం మీద తెలుసు. 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. కొంత చదివి మానేసిన స్త్రీలను రెండేళ్లలో మిడిల్ స్కూలు, మెట్రిక్ పరీక్షలకు తయారు చేయడం వాటి ఉద్దేశం. పాసైన వాళ్లకు నర్సు, దాయి, టీచరు, గ్రామసేవిక శిక్షణలకు దారి తెరుచుకుంది. అదే 1958లో స్త్రీలకు పని, కూలి దొరికే చిన్న ఉత్పత్తి కేంద్రాలకు సాయం చేసే పథకం కూడా బోర్డు మొదలుపెట్టింది. చదువు ఒక చేత్తో, సంపాదన ఇంకో చేత్తో అందించారన్నమాట.

1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు. మరుసటి ఏడాది ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. చైనా వెళ్లి వచ్చినప్పుడు అక్కడి పద్ధతులు చూసి, కుటుంబ తగాదాలకు మన దేశంలోనూ వేరే కోర్టులు ఉండాలని పెద్దలతో చర్చించారు. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

హైదరాబాదులో చివరి రోజులు

ఢిల్లీ బాధ్యతల తర్వాత దుర్గాబాయి, దేశ్‌ముఖ్ దంపతులు హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. విద్యానగర్‌లో ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోని ఆంధ్ర మహిళా సభ కళాశాల మనలో చాలామంది చూసినవే. అక్కడ బస్సు దిగి వెళ్లిన వాళ్లు కూడా ఉన్నారు. 1975లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆమె బొమ్మతో తపాలా బిళ్ల విడుదలైంది.

ఆమె తర్వాత మన అమ్మలు

1982లోనే మరో పని కూడా జరిగింది. కేంద్ర ప్రభుత్వం దేశంలో యాభై జిల్లాల్లో డ్వాక్రా పథకం ప్రారంభించింది. పల్లెల్లో పేద స్త్రీలు పది పదిహేను మంది కలిసి గ్రూపుగా ఏర్పడి, సంపాదన కోసం పని పెట్టుకోవడం దాని ఉద్దేశం. దుర్గాబాయి డ్వాక్రా పెట్టారని నేను అనడం లేదు. అలా అంటే అది అబద్ధం అవుతుంది. ఆమె వేసిన దారికి, మన అమ్మలు నడిచిన దారికి పోలిక ఉందని మాత్రమే అంటున్నాను.

ఆ పోలిక నెల్లూరు జిల్లాలో స్పష్టంగా కనిపిస్తుంది. 1990ల మొదట్లో అక్కడ రాత్రిపూట అక్షరాస్యత తరగతులు జరిగాయి. దూబగుంట స్త్రీలు చదువు నేర్చుకుంటూ, తమ ఇళ్లను కాల్చేస్తున్న సారా గురించి మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది. సారాకు పోయే రూపాయి ఇంట్లో మిగిలినప్పుడు అదే పొదుపు అయింది. అక్షరం ముందు వచ్చింది, సంఘం తర్వాత వచ్చింది, డబ్బు ఆ వెనుక వచ్చింది.

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడింది. మనం సెర్ప్ అంటాం. వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం ఆ సంస్థ ద్వారానే ఊళ్లకు చేరాయి. దాని కార్యాలయం చాలా ఏళ్లు మన నాంపల్లిలోనే, హిల్ ఫోర్ట్ రోడ్డులోని హెర్మిటేజ్ భవనం నుంచి నడిచింది. మన హాస్టల్ నుంచి నడిచి వెళ్లే దారిలో ఉన్న ఆ భవనం ముందు నుంచి మొదటిసారి వెళ్లినప్పుడు, మా అమ్మ సంఘం పుస్తకం మీది ముద్రకు మూలం ఇక్కడేనా అని నిలబడి చూశాను.

సంఘాలకు పంచసూత్రాలు అని ఐదు నియమాలు ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదా, సక్రమంగా పుస్తకాలు రాయడం. మొదటి నాలుగింటినీ మా అమ్మ ఏళ్ల తరబడి తప్పకుండా పాటించింది. ఐదోది ఒక్కటే ఆమె చేతిలో లేకుండా పోయింది. ఆ ఒక్కటీ లేనందుకు రెండు వాయిదాలు పోయాయి. 2010 ప్రాంతంలో ప్రైవేటు మైక్రో ఫైనాన్స్ అప్పుల కింద మన రాష్ట్రంలో ఎన్నో కుటుంబాలు నలిగిపోయి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. అప్పు ఇంటి ముందుకు సులభంగా వచ్చినంత మాత్రాన అభివృద్ధి కాదు. వడ్డీ ఎంతో, వారం వారం కట్టేది ఎంతవుతుందో లెక్క వేసుకోగలిగితేనే అప్పు మనకు పనికొస్తుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. దుర్గాబాయి మన వాడల్లో పుట్టలేదు. ఆమెది అగ్రకుల కుటుంబం. ఆమె తలుపు తడితే తెరిచే పెద్దలు ఉన్నారు. ఆమె సంస్థలకు ప్రభుత్వ గ్రాంటు వచ్చింది. మన అమ్మలు మాత్రం కూలి డబ్బులోంచి మిగిల్చిన రూపాయితో మొదలుపెట్టారు. ఆమె పై నుంచి కిందికి చేయి అందించారు. వీళ్లు కింద నుంచి ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని లేచారు. గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య దాకా వెళ్లారు. ఐకేపీ సెంటర్లలో వడ్లు కొనుగోలు చేస్తున్నారు. 2024లో తెలంగాణలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని కూడా మహిళా సంఘాలకే వచ్చింది. దుర్గాబాయి గొప్పతనం ఒప్పుకుంటూనే, మన అమ్మల గొప్పతనం ఇంకొక రకమైనదని మనం గర్వంగా చెప్పుకోవాలి.

మనం చేయగలిగింది

అక్కలారా, చెల్లెళ్లారా! మనం ఉద్యోగం వచ్చిన తర్వాత అమ్మకు ఏదో చేద్దామని అనుకుంటాం. అంతవరకు ఆగాల్సిన పని లేదు. ఆ దసరా తర్వాత నేను ఇంటికి వెళ్లిన ప్రతిసారీ సంఘం సమావేశంలో అమ్మ పక్కన కూర్చున్నాను. పుస్తకంలో రాసింది బయటికి చదివి వినిపించాను. మొదట కొందరికి నచ్చలేదు. పిల్లకు పెద్దల లెక్కలతో ఏం పని అన్నారు. మూడో నెల నుంచి వాళ్లే చదవమని అడిగారు. ఇంటర్ సెలవుల్లో అమ్మకూ, మరో ఇద్దరు పెద్దమ్మలకూ అంకెలు, పేర్లు, సంతకం నేర్పాను. అమ్మ ఇప్పుడు పెద్ద పెద్ద వాక్యాలు చదవలేదు. కానీ తన పేరు ఎదురుగా ఉన్న అంకె చదువుతుంది. తేడా ఉంటే అడుగుతుంది. పోయిన ఏడాది సంఘానికి రెండో లీడరుగా ఉండమంటే, అంతకుముందు రెండుసార్లు వద్దన్న మనిషి, ఈసారి సరే అంది.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీలో ప్రతి ఒక్కరూ ఒక పని చేయండి. మీ అమ్మ సంఘం పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి బయటికి చదవండి. ఒక్క పెద్దమ్మకైనా అంకెలు నేర్పండి. హాస్టల్ లేదంటే హాస్టలే పెట్టిన మనిషి జీవితం చదివిన తర్వాత, మనకు వసతి లేదు, సమయం లేదు, మన మాట ఎవరు వింటారు అనే సాకులు ఇక చెల్లవు. ఒక్కరే అడిగితే ఎవరూ వినకపోతే, అదే కష్టం ఉన్న మరో పదిమందిని వెతకండి. దుర్గాబాయి చేసింది అదే.

— ఎం.ఎస్.డబ్ల్యూ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని, నాంపల్లి